గదికీ ఆకాశానికీ మధ్య: చార్లెస్ కొరియా, మన ఎస్‌ఎఫ్‌టీ లెక్కలు

ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1930 సెప్టెంబరు 1న సికింద్రాబాద్‌లో పుట్టారు. ఆర్కిటెక్చర్ గురించి మాట వచ్చినప్పుడల్లా మన ఊరివాళ్లు ఈ ముక్క గర్వంగా చెప్పుకోవడం వింటుంటాను. నాకు ఆ గర్వంలో పెద్ద పస కనబడదు. ఆయన కుటుంబం మూలాలు గోవాలో. చదువు బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో, తర్వాత అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో, ఎంఐటీలో. ఆఫీసు పెట్టిందీ, కాపురం ఉన్నదీ, 2015 జూన్‌లో కన్నుమూసిందీ ముంబయిలో. పుట్టుక ఒక్కటే లెక్కయితే హైదరాబాద్‌కు ఆయన మీద ఉన్న హక్కు ఒక బర్త్ సర్టిఫికెట్‌పాటిది.

అంతకంటే గట్టి హక్కు ఇంకోటి ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఈ ఊళ్లో ఆయన డిజైన్ చేసిన భవనాలు ఉన్నాయి. 1960ల చివర్లో తయారైన ఈసీఐఎల్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) పరిపాలనా భవనం ఒకటి. 1990 ప్రాంతంలో గచ్చిబౌలిలో ఐడీబీఐ కోసం కట్టిన జవహర్‌లాల్ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ బ్యాంకింగ్ ఇంకోటి. ఒకటి ఊరికి ఈశాన్యం కొసన, ఇంకోటి పడమటి కొసన. ఈ రెండు కొసల మధ్య గత ముప్ఫై ఏళ్లలో లేచిన ఊరిని చూస్తే, ఆయన చెప్పిందేదీ ఎవరి చెవినా పడలేదని తెలిసిపోతుంది. తప్పంతా ఆర్కిటెక్టుల మీదికి నెట్టేయడం సులువు. నా మటుకు నాకు తప్పు మనం ఇల్లు కొనే లెక్కలో ఉందనిపిస్తుంది. ఎస్‌ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకి, ఇంత అని బేరమాడినంత కాలం కొరియా మనకు అర్థం కారు. అర్థమైనా అక్కరకు రారు.

ముందు మనిషి గురించి కొంచెం. చిన్నప్పుడు బొమ్మ రైళ్లంటే పిచ్చి. పట్టాలు ఎలా వేస్తే బండి ఎటు తిరుగుతుందో కాగితం మీద గీసుకుంటూ కూర్చునేవారట. ప్లాన్ గీయడమనే అలవాటు అక్కడే మొదలైందని ఆయనే చెప్పుకున్నారు. మిషిగన్‌లో పేరున్న అమెరికన్ డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పాఠాలు విన్నారు. తిరిగొచ్చి 1958లో బొంబాయిలో సొంత ప్రాక్టీసు పెట్టారు. అప్పటికి చండీగఢ్‌లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ ల కార్బూజియే కాంక్రీటు భవనాలు లేస్తున్నాయి. కుర్ర ఆర్కిటెక్టులందరి చూపూ అటే. చదునైన కప్పు, నగిషీలు లేని గోడ, కాంక్రీటు, గాజు, స్టీలు. ఈ చదువంతా చలిదేశాల్లో తయారైనది. చలిదేశంలో ఇల్లంటే మూసిన పెట్టె: లోపల వెచ్చదనం, బయట మంచు, మధ్యలో ఒక తలుపు. మన దగ్గర ఆ పెట్టెలో కూర్చుంటే ఉడికిపోతాం.

కొరియా యాభై ఏళ్లకు పైగా చేసిన పనంతా దీని చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం. మూసిన గదికీ, పైన ఏమీ లేని ఆకాశానికీ మధ్య రకరకాల చోట్లు ఉంటాయి. కప్పు ఉండి గోడలు లేనిది, గోడలుండి కప్పు లేనిది, పందిరి మాత్రమే ఉన్నది, చెట్టు నీడ తప్ప ఇంకేమీ లేనిది. పొద్దున ఒకచోట, మిట్టమధ్యాహ్నం ఒకచోట, పొద్దుగూకాక ఇంకోచోట బాగుంటుంది. మన పాత ఇళ్లకు అరుగు, వసారా, మండువా, పెరడు, డాబా ఉన్నది ఇందుకే. ఎండాకాలం సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, రాత్రికి పక్కలు పరుచుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వాళ్లకు కొరియా చెప్పింది వింతగా ఏమీ అనిపించదు. ఆయన దాన్ని ఆఫీసుల్లోకీ, మ్యూజియంలోకీ, 28 అంతస్తుల టవర్‌లోకీ పట్టుకొచ్చారు. అదీ ఆయన గొప్ప.

సబర్మతి ఆశ్రమానికి నేను ఎండాకాలంలో వెళ్లాను. వచ్చినవాళ్లంతా నేరుగా గాంధీగారు ఉన్న ఇంటికి వెళ్లి, ఫొటో దిగి, నది చూసి వెళ్లిపోతున్నారు. మ్యూజియం దగ్గర ఆగినవాళ్లు కూడా గోడల మీది బొమ్మలు చూశారే గానీ, ఆ గోడల్ని చూడలేదు. ఆ మ్యూజియం కొరియా మొదటి పెద్ద పని. చేతికి వచ్చేనాటికి ఆయనకు ఇంకా ముప్ఫై నిండలేదు. 1963లో నెహ్రూ ప్రారంభించారు. ఆరు మీటర్ల చదరాలు, ఒక్కోదానికీ పెంకుల గొడుగు కప్పు, ఇటుక స్తంభాలు. కొన్ని చదరాలకు గోడలున్నాయి, కొన్నిటికి లేవు. నడిమధ్యలో నీళ్ల తొట్టి, దాని మీద కప్పు లేదు. కిటికీలకు ఎక్కడా గాజు లేదు, చెక్క లూవర్లు మాత్రమే. వాటి పలకలు పట్టుకుని తిప్పితే వెలుతురూ గాలీ ఎంత కావాలంటే అంత.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం దూలాలు. స్తంభాల నుంచి స్తంభాలకు పోయే కాంక్రీటు దూలాలు పైన తొట్టిలా గుంటపడి ఉంటాయి. కప్పు మీద పడ్డ వాన నీళ్లు ఆ గుంటలోంచే పారి కిందికి పోతాయి. కప్పును మోసేదీ, నీళ్లను పారించేదీ ఒకటే. రేపు ఇంకో గది కావాలంటే ఆ దూలం పక్కనే ఇంకో చదరం కట్టుకుంటూ పోవచ్చు. ఆడంబరం లేకుండా, ఒక వస్తువుతో రెండు మూడు పనులు జరిపించుకునే ఆ పొదుపు గాంధీగారి మ్యూజియంకు తగ్గట్టే ఉంది. ఆయన విగ్రహం ఇంకో వంద అడుగులు పెంచినా అది రాదు.

అదే అహ్మదాబాద్‌లో ఆయన కట్టిన ట్యూబ్ హౌస్ గురించి హైదరాబాద్ వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్ని మనం గజాల్లో చెప్పుకోవచ్చు. వెడల్పు సుమారు 12 అడుగులు, పొడవు సుమారు 60. అంటే 80 గజాలు. పాతబస్తీలో, బోరబండలో, జగద్గిరిగుట్టలో ఇలాంటి బిట్లు ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. వాటి మీద మనం ఏం కడతామో కూడా తెలుసు: ముందు గది, దాని వెనక గది, దాని వెనక వంటగది, మధ్యలో పగలు కూడా లైటు వెయ్యాల్సిన చీకటి. ట్యూబ్ హౌస్‌లో కొరియా కప్పును ఏటవాలుగా లేపి, కొన దగ్గర సందు వదిలారు. వేడెక్కిన గాలి ఆ వాలు వెంట పైకి పాకి సందులోంచి పోతుంది. దాని వెనకే ముందు తలుపు పక్కన ఉన్న లూవర్లలోంచి కొత్త గాలి లోపలికొస్తుంది. లోపల అడ్డుగోడలు దాదాపు లేవు. ఎత్తు తేడాలతోనే పడక వేరు, కూర్చునే చోటు వేరు. కరెంటుతో పనే లేదు.

తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం గుజరాత్ హౌసింగ్ బోర్డు పెట్టిన పోటీలో గెలిచిన డిజైన్ అది. పోటీ పెట్టినవాళ్లు అడిగింది మెట్లెక్కి వెళ్లే అపార్టుమెంట్లు. ఈయన నేలమీది ఇళ్లతోనే అంత జనసాంద్రత వస్తుందని, పైగా ఒక్కో కుటుంబానికి ఎక్కువ చోటు దక్కుతుందని గీసి చూపించారు. 1960ల మొదట్లో కట్టిన నమూనా ఇల్లు 1995లో కూల్చేశారు. ఎండలో పేదవాడి ఇల్లు ఎలా ఉండాలి అన్న ప్రశ్నకు ఈ దేశంలో ఇంత సూటి జవాబు ఇంకోటి నేను చూడలేదు. అది ఇప్పుడు ఫొటోల్లో మాత్రమే ఉంది.

ఇక మన ఈసీఐఎల్. సిటీ బస్సు బోర్డు మీద అది ఒక స్టాపు పేరు, అంతకు మించి చాలామందికి తెలియదు. పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఎవరి పేరో అడిగితే ఎవరో కాలనీ వేసిన రియల్టర్ అనుకునేవాళ్లు కూడా తగిలారు నాకు. అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టి, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి, 1967లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త. ఆ రోజుల్లో పబ్లిక్ సెక్టార్ సంస్థలు ఆఫీసు కట్టాలంటే ముప్ఫై అయిదేళ్ల ఆర్కిటెక్ట్‌ని పిలిచి పని చేతిలో పెట్టేవి. ఆఫీసు కొరియాకు ఇచ్చారు, ఉద్యోగుల టౌన్‌షిప్ బాలకృష్ణ దోషికి ఇచ్చారు. దోషికి తర్వాత 2018లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. కొరియాకు అది రాలేదు గానీ 1984లో బ్రిటన్ వాళ్ల రాయల్ గోల్డ్ మెడల్, 2006లో పద్మవిభూషణ్ వచ్చాయి. భారత ఆధునిక వాస్తుశిల్పంలో మొదట చెప్పుకునే రెండు పేర్లూ ఒకే కాలంలో, కుషాయిగూడ పక్కన, ఒకే సంస్థ కోసం పనిచేశాయన్న మాట. టూరిజం బ్రోచర్లలో ఇది నాకెక్కడా కనబడలేదు.

ఆ ఆఫీసులో ఏసీ మీద ఆధారపడకుండా పని జరగాలన్నది లెక్క. కొరియా ఆఫీసు గదుల్ని ఒక్క దిమ్మెలా పేర్చలేదు. మధ్యలో ఖాళీ చోటు వదిలి చుట్టూ అమర్చారు. కప్పుకు పైన, కొంత ఎత్తులో, ఎండను విరిచే పెద్ద పందిరి వేశారు. అది అందానికి కాదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు, పిల్లలు జీరో షాడో డే అని వీడియోలు తీస్తారు. అంటే మన ఎండాకాలంలో గోడల కంటే కప్పే ఎక్కువ కాలుతుంది. ఫ్లాట్లలో పై అంతస్తు వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగలు కక్కుతుంటుంది. కొరియా చేసింది కప్పుకే గొడుగు పట్టడం. స్లాబుకూ పందిరికీ మధ్య గాలి ఆడుతుంది, ఎండ స్లాబును నేరుగా తాకదు.

కావలసినవాళ్లు వెళ్లి చూసి రమ్మని చెప్పలేను. అణుశక్తి శాఖ కింది సంస్థ కాబట్టి గేటు దగ్గర ఊరికే రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కానీ వారసత్వం గురించి మాట్లాడే సభల్లో దాని పేరన్నా వినబడాలి కదా. మన వారసత్వ జాబితా చార్మినార్‌తో మొదలై, ఫలక్‌నుమా మీదుగా, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆగిపోతుంది. నిజాం పోయాక ఈ ఊళ్లో కట్టిందేదీ చరిత్ర కాదన్నట్టు. 1961 నాటి రవీంద్రభారతిలో ఎన్ని సన్మానాలు జరిగినా, దాన్ని గీసిన మహమ్మద్ ఫయాజుద్దీన్ పేరు వేదిక మీద ఎవరైనా పలకగా నేను వినలేదు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. మా అన్నయ్యవాళ్లు నల్లగండ్ల దగ్గర ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం అయిన వారానికే బాల్కనీకి స్లైడింగ్ అద్దాలు పెట్టేవాడు టేపు పట్టుకుని వచ్చాడు. ఒక కొస వదిన పట్టుకుంది, ఇంకో కొస అతను. వెడల్పు నాలుగడుగుల మూడంగుళాలు. ఒకవైపు ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ఇంకోవైపు వాషింగ్ మెషీన్ కోసం కుళాయి, రెండింటి మీద అప్పటికే పావురాల రెట్ట. నేను ఊరుకోలేక, "అద్దాలు పెడితే హాల్లోకి గాలెక్కడిది వదినా?" అన్నాను. వదిన టేపు వదలకుండానే, "ఎస్‌ఎఫ్‌టీకి ఎనిమిది వేలు పోసి కొన్నది పావురాల కోసమా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆమె లెక్క కరెక్టు. నాలుగడుగుల బాల్కనీలో కుర్చీ వేస్తే మోకాళ్లు గ్రిల్లుకు తగులుతాయి. అది కూర్చునేందుకు చేసింది కాదు, బ్రోచర్‌లో చూపించేందుకు చేసింది. దానికీ గదికి పెట్టినంత ధరే పెట్టించుకున్నాక, దాన్ని గదిలో కలిపేసుకోవడం తెలివైన పనే. బిల్డర్ వైపు నుంచి చూసినా అంతే. పది అడుగుల వసారా ఇస్తే దానికి బెడ్‌రూమ్ రేటు ఎవడిస్తాడు? ఇవ్వకపోతే ఎవడూ అడగడు. చివరికి చట్టం కూడా ఇదే భాష మాట్లాడుతుంది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, కార్పెట్ ఏరియాకు ఇచ్చిన నిర్వచనంలో, వాడుకోదగ్గ విస్తీర్ణంలోంచి బాల్కనీనీ, వరండానీ, ఓపెన్ టెర్రస్‌నీ తీసేసింది. సూపర్ బిల్టప్ పేరుతో మెట్లకూ లిఫ్టుకూ మన చేత డబ్బు కట్టించే మోసాన్ని ఆపడానికే అలా రాశారు, ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం ఏమిటంటే, మన వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు అన్నిటికంటే హాయిగా ఉండే చోటు కాగితం మీద సున్నా అయిపోయింది.

టవర్లే వద్దని నేను అనడం లేదు. కొరియా కూడా అనలేదు, ఆయనే కట్టారు. ముంబయి కంబాలా హిల్ మీద కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్, 1983లో పూర్తయింది, 28 అంతస్తులు, 32 ఫ్లాట్లు. అక్కడి చిక్కు చూడండి: సముద్రం పడమటన, చల్లగాలి పడమటి నుంచి, మంచి దృశ్యం పడమట. కానీ సాయంత్రపు ఎండ, వాన జల్లు కూడా పడమటి నుంచే. మామూలుగా అయితే పడమటికి గాజు పెట్టి, కర్టెన్ వేసి, ఏసీ బిగిస్తారు. కొరియా టవర్ మూలల్ని లోపలికి కొరికేసి, రెండంతస్తుల ఎత్తున్న తోట వరండాలు పెట్టారు. ఎండా వానా ముందు ఆ వరండాలో ఆగుతాయి, గాలి మాత్రం దాన్ని దాటి ఇంట్లోకి పోతుంది. పాత బంగళాల చుట్టూ ఉండే వరండానే, నూట యాభై అడుగుల పైన. డబ్బున్నవాళ్ల ఇళ్లు కదా అంటారు, నిజమే. మరి కోకాపేటలో యాభై అంతస్తులు దాటి లేస్తున్న టవర్లలో ఫ్లాటు కొనేవాళ్లు ఎవరు? వాళ్ల దగ్గర లేనిది డబ్బు కాదు.

ఆయన చేసిందల్లా నాకు నచ్చుతుందని కాదు. 1980ల తర్వాత కొరియా మండలాల (విశ్వాన్ని చదరాల్లో గీసే పాత పటాల) వైపు, నవగ్రహాల వైపు తిరిగారు. జైపూర్‌లో జవహర్ కళా కేంద్ర తొమ్మిది చదరాలు, ఒక్కోటి ఒక్కో గ్రహం పేరిట, ఒక చదరం పక్కకు జరిగి ఉంటుంది, జైసింగ్ వేసిన జైపూర్ ప్లాన్‌లో జరిగినట్టే. పుస్తకంలో చదవడానికి చాలా బాగుంటుంది. అక్కడికి వెళ్లి నిలబడ్డ మనిషికి ఏ గ్రహంలో ఉన్నాడో తెలిసినా తెలియకపోయినా ఒరిగేదేమీ లేదు. అసలే మనవాళ్లు పొయ్యి ఆగ్నేయంలో ఉందా అని అడుగుతారే గానీ, పడమటి ఎండ ఏ గది మీద పడుతుందని అడగరు. అంత పెద్ద ఆర్కిటెక్ట్ కూడా గ్రహాల దగ్గరికి వెళ్తే వాస్తు సిద్ధాంతులకు ఇంకో సాక్ష్యం దొరికినట్టవుతుంది. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఆయన కట్టిన ఎల్ఐసీ జీవన్ భారతిలో గాజు అంతలా ఎందుకు వాడారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భోపాల్ భారత్ భవన్ మాత్రం వేరు. 1982లో తెరిచిన ఆ భవనం బయటికి భవనంలా కనబడనే కనబడదు. చెరువు వైపు దిగే వాలులో మెట్లూ, ముంగిళ్లూ, వాటి కింద గ్యాలరీలు. మనం పైకప్పుల మీదే నడుస్తూ కిందికి దిగుతాం. నాకు నచ్చేది ఈ కొరియా, సబర్మతి కొరియా, ఈసీఐఎల్ కొరియా. తక్కువతో ఎక్కువ పని జరిపించే మనిషి.

ఇళ్ల సంగతికి మళ్లీ వస్తే, ఆయన ఒక్క భవనం దగ్గర ఆగలేదు, ఊరినే గీశారు. 1964లో ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్‌లతో కలిసి, బొంబాయి ఇరుకు తగ్గాలంటే సముద్రపు పాయకు అవతల కొత్త నగరం కట్టాలన్నారు. అదే నవీ ముంబయి. 1970లో ఆ నగరం కట్టడానికి సిడ్కో అనే సర్కారు సంస్థ పుట్టాక దానికి చీఫ్ ఆర్కిటెక్ట్‌గా కొన్నేళ్లు పనిచేశారు. ఆ ఆలోచనకు గుండెకాయ ఏమిటంటే ప్రభుత్వ ఆఫీసులు అవతలికి వెళ్లాలి, వాటి వెనక ఉద్యోగాలూ, జనమూ వెళ్తారు. సర్కారు వెళ్లలేదు. ఇవతలే నారిమన్ పాయింట్‌లో సముద్రాన్ని పూడ్చి టవర్లు కట్టుకుంది. కొత్త నగరం చాలా ఏళ్లు ఈసురోమంటూ నడిచింది. ముచ్చర్ల దగ్గర ఫ్యూచర్ సిటీ అంటున్న మన ప్రభుత్వంలో ఎవరైనా ఆ ఫైళ్లు తిరగేస్తే బాగుండు.

నవీ ముంబయి బేలాపూర్‌లో 1980ల మధ్యలో ఆయన కట్టిన ఇళ్లు మాత్రం నాకు ట్యూబ్ హౌస్ తర్వాత అంత ముఖ్యం. ఏడు ఇళ్లు ఒక చిన్న ముంగిలి చుట్టూ, ఎనిమిది మీటర్ల చదరం అది. అలాంటి మూడు గుంపులు కలిసి 21 ఇళ్లు, వాటి నడుమ ఇంకొంచెం పెద్ద ఖాళీ. ప్లాట్లు 45 నుంచి 75 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 54 నుంచి 90 గజాలు. పేదకూ మధ్యతరగతికీ ప్లాటులో పెద్ద తేడా లేదు. పక్కింటితో ఉమ్మడి గోడ లేదు, కాబట్టి చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరి ఇల్లు వాళ్లు పెంచుకోవచ్చు. జనం అలాగే పెంచుకున్నారు, ఎంతలా అంటే ఇప్పుడు కొరియా గీసిన ఇల్లు వెతుక్కోవాలి. చాలా చోట్ల పాతది పడగొట్టి మూడంతస్తులు లేపారు. దీన్ని ఆయన ఓటమిగా రాసినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇళ్లు మారాయి గానీ ముంగిళ్లు అక్కడే ఉన్నాయి.

దీన్ని కొల్లూరు పక్కన పెట్టి చూడండి. 2023 జూన్‌లో ప్రభుత్వం పేదల కోసం అక్కడ తెరిచిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో 15,660 ఫ్లాట్లు, సుమారు 145 ఎకరాలు. ఎకరాకు వందకు పైగా ఇళ్లు. బేలాపూర్ అంత ఇరుకు కాదు, అందులో సగం కూడా ఉండదు, ఇది దాచకూడదు. నేల కరువైన చోట టవర్ గెలుస్తుంది. కానీ కొల్లూరు నేల కరువైన చోటా? ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర అది. సనత్‌నగర్‌లోనో, ముషీరాబాద్‌లోనో పాచిపనికీ, హమాలీ పనికీ వెళ్లే మనిషిని తీసుకెళ్లి అక్కడ పదో అంతస్తులో పెట్టాం. పని చేసే చోటు దూరమైంది, ఇంటి ముందు మిషను పెట్టుకుని బట్టలు కుట్టే అరుగు పోయింది. పేదవాళ్లకు ఇంటి బయటి చోటు ఇంకో గదితో సమానం, పైగా ఉచితంగా దొరికే గది అని కొరియా జీవితమంతా చెప్పారు. ఆ గది మనం పీకేసి, టైల్స్ వేసిన 560 ఎస్‌ఎఫ్‌టీ ఇచ్చి, గౌరవ గృహం అన్నాం. నీళ్లు, కరెంటు, పక్కా కప్పు రావడం చిన్న విషయం కాదు, అది వచ్చినవాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. అదే డబ్బుతో ఇంకో రకంగా కూడా కట్టొచ్చన్న చర్చ ఒక్కరోజన్నా జరగలేదే అన్నది నా బాధ.

డబ్బున్న వైపు కథ కూడా ఇంతే. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేసింది, 2012 నాటి జీవో 168 కూడా దాన్ని తిరిగి పెట్టలేదు. రోడ్డు వెడల్పు ఉండి, చుట్టూ సెట్‌బ్యాక్ వదిలితే ఎంతయినా లేపుకోవచ్చు. సెట్‌బ్యాక్ అంటే ఖాళీ చోటే కదా అనిపిస్తుంది. అందులో ఉండేది ఫైరింజన్ తిరగడానికి దారి, కార్లకు ర్యాంపు. నలభయ్యో అంతస్తు మనిషికి దాంతో ఏ సంబంధమూ లేదు. గచ్చిబౌలి గాజు టవర్ల గురించి ఎంతోమంది రాశారు, నేను కొత్తగా తిట్టేదేమీ లేదు.

విచిత్రం ఏమిటంటే, పెద్ద టవర్లు వదిలేసిన ఈసీఐఎల్ పాఠాన్ని మామూలు ఇళ్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. మెట్రో ఎక్కి ఉప్పల్ నుంచి అమీర్‌పేట దాకా కిటికీలోంచి డాబాలు చూస్తూ రండి. ఇంటింటా ఏదో ఒక రేకుల షెడ్డు. నాలుగు ఇనప స్తంభాలు, పైన కలర్ కోటెడ్ రేకులు, పక్కల గోడల్లేవు. కింద బట్టల దండెం, పాత సోఫా, తులసి కుండీ, పిల్లల ట్యూషన్ బల్ల. అద్దెకిచ్చుకునే గదిగా మార్చేసినవి తీసేస్తే, మిగిలినవన్నీ కప్పుకు పట్టిన గొడుగులే. వీళ్లలో ఎవరూ కొరియా పేరు విని ఉండరు. కింద గదిలో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే వాళ్లకే తట్టింది. ఇప్పుడు సోలార్ పలకలు తోడయ్యాయి. 2024లో మొదలైన కేంద్ర పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. చాలామంది పలకల్ని తలకంటే ఎత్తులో బిగించమంటున్నారు, కింద చోటు వాడుకోవచ్చని. మా వీధిలో ఒకావిడ వడియాలకు ఎండ చాలట్లేదని కొన్నాళ్లు సణిగింది, ఇప్పుడు సాయంత్రం చీరలకు ఫాల్స్ కుట్టుకునేది అక్కడే.

ప్రభుత్వానికి కూడా కప్పు గుర్తొచ్చింది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ఈ దేశంలో అలాంటిది మొదటిదే. తెల్ల పెయింటు, తెల్ల టైల్స్. మంచిదే, చవక కూడా. కానీ పెయింటు వేడిని ఆపుతుంది, మనిషికి చోటివ్వదు. గోడల్లేని నీడను అదనపు అంతస్తుగా కాకుండా నీడగా చూసే ఒక నిబంధన బిల్డింగ్ రూల్స్‌లో రాయడం అంత కష్టమా? ఎనిమిదడుగులకు మించి వెడల్పున్న వరండా ఇచ్చిన బిల్డర్‌కు ఏదైనా రాయితీ ఇస్తే, నాలుగడుగుల పావురాల గూళ్లు కట్టేవాడు రెండోసారి ఆలోచించడా?

మార్కెట్ నీడకు ధర కట్టలేదు అని ఒక ఆర్కిటెక్ట్ మిత్రుడు నాతో వాదిస్తుంటాడు. ఈసీఐఎల్ చౌరస్తాకు దగ్గర్లో షెడ్లు వేసే వెల్డర్‌ని నేను రేటు అడిగాను. రేకు రకాన్ని బట్టి మూడు రేట్లు చెప్పాడు. మూడూ ఎస్‌ఎఫ్‌టీకే. కట్టడం చేతకాని ధర అయితే అతను ఎలా చెప్పాడు? ఇంటిమీద గొడుగుకు ఎస్‌ఎఫ్‌టీ లెక్కన డబ్బు కట్టడానికి మనకు అభ్యంతరం లేనప్పుడు, ఇల్లు కొనే రోజునే ఆ గొడుగు ఎక్కడుందని బిల్డర్‌ని అడగడానికి ఏం అడ్డొస్తోంది?